పటంలో దిగంతమేది?

మాదాపూరు, గచ్చిబౌలి అద్దాల మేడలలో వారమంతా తెరలకు కన్నులప్పగించి పనిచేసే యువజనులు కొందరు, శీతకాలం రాగానే కెమెరాలు భుజాన వేసుకొని, ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరాన్ని లెక్కచేయక పులికాటు సరస్సుకు పోతున్నారు. ముచ్చటైన వ్యసనమే. నాలుగు గోడల మధ్య మసలే కంటికి దిగంతం మీద ఆకలి సహజం.

అయితే వారు తెచ్చే చిత్రాలలో ఆ దిగంతమెక్కడ? పెద్ద లెన్సు, రాజహంస అని పిలుచుకొనే ఫ్లెమింగో ముక్కును, కంటిని ఎదుట నిలుపుతున్నది గాని, సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే దారికి ఇరువైపులా పరచుకొన్న లోతులేని ఉప్పునీటిని, బురదను పటం వెలుపలికి నెట్టివేస్తున్నది. ఆ పక్షికి గులాబి వన్నె నిచ్చేది ఆ నీరే. ముక్కును తలక్రిందులుగా ముంచి, వడగట్టి తినే మేతలోని రంగే దాని రెక్కలకెక్కుతున్నది.

ఇక రెక్కలు విప్పిన చిత్రం కోసం గుంపును అదిలించేవారూ ఉన్నారు. వీరిని వేటగాండ్రనడానికి తుపాకి ఒక్కటే తక్కువ. రాజహంస నిలుచున్న చోటినుండి నేరుగా ఎగరలేదు. నీటిపై కొంతదూరం పరుగెత్తి గాని లేవలేదు. మేతతో కూడబెట్టిన బలమంతా ఆ పరుగుకు ఖర్చవుతున్నది.

ఇంత దూరం పోకున్నా, ఈ మేడలకు చేరువనే అమీన్‌పూర్ చెరువున్నది. 2016లో దానిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడా రాజహంసలు దిగిన సందర్భాలున్నవి. వెనుక కట్టడాలు పడతాయని వాటిని పటంలోనుండి తప్పించేవారే ఎక్కువ. పడనివ్వాలి. చెరువు అంచు ఎంతవరకు ఉండేదని రేపు ఎవరైనా అడిగితే, చూపడానికి ఆ పటమైనా ఉంటుంది.