మానొచ్చు... తోడుంటే!

కొల్లేరు ఒడ్డున చేపల చెరువులున్న ఇల్లు. తాడేపల్లిగూడెంలో గది తీసుకుని చదువుకుంటున్న కొడుకు పండక్కి వచ్చాడు. పులుసుంటే మారు అన్నం అడిగేవాడు, రెండు ముద్దలకే లేచిపోయాడు. రాత్రంతా నిద్రలేదు. పలకరిస్తే కసురుకున్నాడు. ‘పట్నం పోయి పొగరెక్కింది’ అన్నాడు తండ్రి. నాలుగోరోజు కుర్రాడే నోరు విప్పాడు. ‘అమ్మా, గంజాయి అలవాటైంది. ఇంటికొచ్చాక మానేద్దామనుకున్నా. నావల్ల కావట్లేదు.’

లంక గ్రామాల నుంచి ఏలూరు వీధుల దాకా ఏ ఇంట్లోనైనా జరగగల కథే ఇది. మన్యం నుంచి బయల్దేరే సరుకుకు ఇటు హైవే, అటు రైలు... రెండు దారులూ మన ఊళ్ల మీదుగానే!

‘గంజాయి వ్యసనం కాదు, ఎప్పుడైనా మానేయొచ్చు’ అన్నది కుర్రాళ్లలో ఉన్న అపోహ. వాడినవాళ్లలో సుమారు పదిమందికొకరు దానికి బానిసలవుతారు. టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు! మత్తునిచ్చే టీహెచ్‌సీ ఒంట్లోని కొవ్వులో చేరి మెల్లగా బయటికి పోతుంది. రోజూ తీసుకునేవాళ్లు ఆపేస్తే ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, ఆందోళన, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలవుతాయి. మొదటివారం ఉద్ధృతంగా ఉండి, రెండు వారాల్లో చాలావరకూ సర్దుకుంటాయి. నిద్ర గాడిన పడటానికి ఇంకొంత సమయం పట్టొచ్చు. అంటే, తండ్రి పొగరనుకున్నది నిజానికి మానడానికి పడుతున్న పాట్లన్నమాట.

మరి చికిత్స? ఈ అలవాటుని మాన్పించే ప్రత్యేకమైన మందంటూ ఇంతవరకూ లేదు. రహస్య పొడుల ప్రకటనల్ని నమ్మొద్దు. నిద్రకీ ఆందోళనకీ వైద్యులు అవసరాన్ని బట్టి కొద్దిరోజులు మందులిస్తారు. అసలు పని చేసేది కౌన్సెలింగే. ఏ వేళ, ఎవరితో ఉంటే మనసు లాగుతోందో గుర్తించడం, అప్పుడేం చేయాలో ముందే అనుకోవడం నేర్పిస్తారు. మధ్యలో ఒకసారి జారినా ఓడిపోయినట్లు కాదు, మళ్లీ మొదలుపెట్టాలంతే. చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, అందర్నీ అనుమానిస్తున్నా వెంటనే మానసిక వైద్యుణ్ని కలవాలి.

‘బయటపడితే కేసవుతుందేమో’ అని చాలామంది దాచిపెడతారు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షనుంది. వాడకం కేసులో ఉన్న బాధితుడు తనంతట తానుగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వెళ్లి, దాన్ని పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందే వీలుంది. సలహా కావాలంటే జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 14446. మానసిక సమస్యలకు టెలిమానస్ 14416.

కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, ‘పెళ్లి చేస్తే వాడే మారతాడు’ అనుకోవడం... ఇవేవీ వైద్యం కాదు. తెల్లారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరిస్తే రైతు వాటిని తిట్టడు. గాలి అందట్లేదని గ్రహించి పరుగున మోటారు వేస్తాడు. నోరు తెరిచి చెప్పిన పిల్లాడికీ కావాల్సింది అదే!