ఏ అవ్వ చేసిన సంగటి?

"ఒక్కపూటన్నా సిద్ధాంతం పక్కన పెట్టి తిననివ్వవే తల్లీ!" అంది నా స్నేహితురాలు. ఆమె కూడా సాహిత్యంలో పరిశోధన చేసిన మనిషే. స్త్రీవాదం గురించి నాకంటే ఎక్కువ రాసింది. పాత తెలుగు పుస్తకాలు చూసుకోవడానికి బ్రిటిష్ లైబ్రరీకి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం ఆమే నన్ను లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. అక్కడి భోజనశాలలో టీ ముందు పెట్టుకుని నేను గోడల వైపు చూస్తుంటే అన్న మాట అది. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు మాత్రం నవ్వలేను. ఎందుకంటే అది ఆమె ఒక్కతి మాట కాదు, మనందరి అలవాటు. గ్యాలరీలో ఒక్కో బొమ్మ ముందు నిలబడి గీసిందెవరు, గీయించిందెవరు, బొమ్మలో ఉన్నదెవరు అని అడుగుతాం. అదే మ్యూజియంలో భోజనబల్ల ముందు కూర్చోగానే చదవడం మానేస్తాం. తిండి దగ్గరికొచ్చేసరికి అంతా "ఆస్వాదన" అయిపోతుంది.

ఆ గోడల సంగతి చెప్తాను. సందర్శకులకి తిండి పెట్టిన మొట్టమొదటి మ్యూజియం అదే అంటారు. 1860లలో అక్కడ పక్కపక్కనే మూడు గదులు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాటిని గ్యాంబుల్ గది, మోరిస్ గది, పాయింటర్ గది అంటారు. ముగ్గురూ మగవాళ్ళే. పాయింటర్ గదిలో నీలం, తెలుపు పలకలు. వాటి మీద ఋతువులు, నెలలు స్త్రీల రూపంలో ఉంటాయి. రూపకల్పన ఎడ్వర్డ్ పాయింటర్‌ది. మరి పలకల మీద రంగు వేసిందెవరు? ఆ పక్కనే ఉన్న చిత్రకళా పాఠశాలలో ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా నడిపిన పలకల చిత్రణ తరగతి విద్యార్థినులు! అంటే గోడ మీద ఉన్నది ఆడవాళ్ళు, గోడని గీసింది ఆడవాళ్ళు, గది మాత్రం పాయింటర్‌ది. ఎవరూ దాచిపెట్టిన రహస్యం కాదిది. మ్యూజియం వాళ్ళ చరిత్రలోనే "విద్యార్థినులు" అని రాసి ఉంటుంది. ఆ బహువచనం దగ్గరే నా పేచీ. మగవాడైతే పేరు, ఆడవాళ్ళైతే బహువచనం.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో అక్కడి తిండిలో కూడా తరగతులుండేవి. మొదటి తరగతి, రెండో తరగతి, ఆపైన కూలీనాలీ వాళ్ళకి మూడో తరగతి. కళ అందరికీ అందాలనే కట్టిన మ్యూజియమే అది, కాదనను. అయినా పళ్ళెం దగ్గరికొచ్చేసరికి ఎవరి వరస వారిదే.

ఇదంతా పాతకాలపు ముచ్చట అంటారేమో. అదే లండన్‌లో టేట్ బ్రిటన్ అనే మరో చిత్రశాల ఉంది. 1927లో దాని భోజనశాల గోడల నిండా రెక్స్ విస్లర్ అనే కుర్ర చిత్రకారుడు ఒక వేట యాత్ర గీశాడు. అరుదైన మాంసాల కోసం బయల్దేరిన దొరల యాత్ర. అందమైన కొండలు, చెట్లు, వాటి మధ్యలో ఒక మూల ఒక నల్లజాతి పిల్లవాణ్ణి బానిసగా లాక్కుపోవడం, చూస్తూ విలవిల్లాడే తల్లి. ఆ గోడల కింద తొంభై ఏళ్ళకి పైగా జనం వైను తాగారు, మాంసం కోసుకు తిన్నారు. 2020లో మహమ్మారి వల్ల మూతపడిన సమయంలో ఆ బొమ్మ మీద నిరసన పెరిగింది. అక్కడిక భోజనశాల ఉండదని 2022లో ప్రకటించారు. 2024లో ఆ గదిలోనే, ఆ బొమ్మనే నిలదీస్తూ కీత్ పైపర్ చేసిన వీడియో పెట్టారు. ఇన్నేళ్ళపాటు అక్కడ తిన్నవాళ్ళందరూ దుర్మార్గులని నేననను. "తిననివ్వవే తల్లీ" అనుకున్నవాళ్ళు, అంతే.

స్త్రీవాదులం మనమేమన్నా తక్కువ తిన్నామా? జూడీ షికాగో 1974 నుంచి 1979 దాకా, వందలాది మంది సాయంతో "ది డిన్నర్ పార్టీ" తయారుచేసింది. 2007 నుంచి అది బ్రూక్లిన్ మ్యూజియంలో శాశ్వతంగా ఉంది. ముక్కోణపు బల్ల చుట్టూ 39 మంది స్త్రీలకి విస్తర్లు వేసినట్టు పళ్ళాలు, కింద నేలపలకల మీద మరో 999 మంది పేర్లు. నేను ఫొటోల్లోనే చూశాను. చూసిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది, నిజం. ఆ వెంటనే మన దేశం నుంచి ఆ బల్ల దగ్గర ఎవరున్నారా అని వెతుక్కుంటాను. కాళి ఉంది. అంతే. నడిచి, రాసి, వండి, చచ్చిపోయిన మనిషి ఒక్కతీ లేదు, దేవత ఉంది. పేర్లు రాసే పని మొదలుపెట్టినవాళ్ళకి కూడా మనం బహువచనంగానే కనపడ్డామన్నమాట.

ఇక ఇంటికొస్తాను. మాది మదనపల్లె దగ్గర పెద్దతిప్పసముద్రం. పోయినేడాది అమ్మని ఒక నగరంలో కళాప్రదర్శనశాలకి తీసుకెళ్ళాను. ఏ ఊరన్నది అనవసరం. బొమ్మలు చూసి అలిసిపోయాక అక్కడి రెస్టారెంట్లో కూర్చున్నాం. మెనూలో రాగి సంగటి, పితికిపప్పు కూర. ధర చూసి అమ్మ నోట మాట రాలేదు. కింద నాలుగు వాక్యాల కథ కూడా రాశారు. మన అవ్వల నాటి వంట, మట్టి వాసన, మరిచిపోయిన రుచి... ఇలా. అమ్మకి చదివి వినిపించాను.

"ఏ అవ్వంట మే?" అంది.

"ఊరికే, అవ్వలందరూ అని."

"అందురూ యాడ చేస్తారు? ఒగామె చేసుంటాది గదా."

పితికిపప్పు తిన్నవాళ్ళకి తెలుసుగానీ చేసినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అనపగింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనీ వేళ్ళమధ్య పితికి తొక్క ఊడదీయాలి. పదిమందికి కూరంటే చలిలో చన్నీళ్ళలో గంటల తరబడి కూర్చోవాలి. ఉడుకుతున్న సంగటిని కట్టెతో గెలకాలంటే భుజాలు పడిపోతాయి. ఇదంతా చేశాక మా ఇంట్లో అమ్మ ఏనాడూ మాతో కూర్చుని తినలేదు. అడుగున మాడింది గీక్కుని తినేది. ఆ రెస్టారెంట్ మెనూలో వంటాయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన "కనిపెట్టాడ"ట.

పేర్లు రాస్తే కడుపు నిండుతుందా, కూలి గురించి మాట్లాడండి అనే మిత్రులున్నారు. కూలి గురించే మాట్లాడుతున్నాను. పాయింటర్ గీస్తే "కళ" అయింది. ఆడపిల్లలు దాన్నే పలక మీద దించితే "ఓపిక" అయింది. ఆ మెనూలో వంటాయనది ప్రతిభ, అవ్వది సంప్రదాయం. ఓపికకీ సంప్రదాయానికీ ఎవరూ జీతం ఇవ్వరు. పేరు చెరిపెయ్యడమే ధర తగ్గించడంలో మొదటి మెట్టు. అందుకే గోడ పక్కన, మెనూ కింద పేరు ఉండాలంటున్నాను. పేరు దొరక్కపోతే దొరకలేదని రాయాలి. "మన అవ్వలు" అని ముద్దుగా రాసి తప్పించుకోకూడదు.

ఇంతవరకూ రాసి, సరే ముందు నా ఇంటినుంచే మొదలుపెడదామని అమ్మకి ఫోన్ చేశాను. సంగటి చెయ్యడం నీకెవరు నేర్పారని అడిగాను. వాళ్ళ అత్త పేరు చెప్పింది, పెద్దమ్మ పేరు చెప్పింది. కాసేపాగి, "పిండి ఎంత మెత్తగుండాలో, ఎప్పుడు పోయాలో చెప్పింది మాత్రం మనకు రాగులు ఇసిరి పెడతా ఉన్నామె" అంది. మాలపల్లె నుంచి వచ్చేదట. పెరట్లో తిరగలి దగ్గర కూర్చునే చెప్పేదట. వంటింట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆమె సత్తుపళ్ళెం, గ్లాసు పశువుల కొట్టం చూరులో ఉండేవి. ఆ చూరు నాకూ గుర్తే. లండన్లో మూడో తరగతి పళ్ళెం గురించి నోట్సు రాసుకున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

"ఆమె పేరేంది మా?"

"పేరా..." అమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఆయప్ప పెండ్లామనే పిలుస్తాంటిమి మే. పేరు అడగనే లేదే."

ఆమె కూతురు ఇంకా ఊళ్ళోనే, టమోటా తోటల్లో పనికి పోతోందట. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి పోయి అడుగుతానన్నాను. "పోతే ఊరికే అడిగి రాబాక, కూచోని తినేసి రా" అంది అమ్మ.