చదువు ఎలా ఉంది బాబూ?

ఇక్కడ అమెరికాలో, మా గుడిలో ఆదివారాలు ప్రసాదం వడ్డిస్తాను. ఒక కుర్రాడు రెండోసారి పులిహోరకి వచ్చాడు. "చదువు ఎలా ఉంది బాబూ?" అన్నాను. ప్లేటు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత తనే చెప్పాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఊళ్లో నాన్నకి అప్పు. ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్‌లో వారానికి 20 గంటలే పని, అదీ క్యాంపస్‌లో. అద్దెకే చాలదు.

డిప్రెషన్‌ని "కుంగుబాటు" అంటారని నేను పుస్తకంలో నేర్చుకున్నాను. అతను ఆ మాట అనలేదు. "నిద్ర పట్టట్లేదు అంకుల్" అన్నాడు. మనం ముందు నేర్చుకోవాల్సిన తెలుగు అది.

డాక్టర్ ఉత్తరం ఉంటే, కాలేజీ ముందుగా ఒప్పుకుంటే, వీసా పోకుండా కోర్సులు తగ్గించుకోవచ్చు. అతనికి తెలీదు, నాకూ తెలీదు. 988కి అర్ధరాత్రైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులు అడగరు.

వడ్డించే చోట చదువు ప్రశ్నలు వద్దు. నేను మానేశాను. మా ఆవిడ ఇంకా అడుగుతోంది.