గేమ్‌లో కోతి, ఢిల్లీలో కోతి

నోయిడాలో మా మేనల్లుడు సెల్‌ఫోన్లో టెంపుల్ రన్ ఆడుతుంటాడు. 2011లో వచ్చిన గేమ్ అది. గుడిలోంచి శాపమున్న విగ్రహం ఎత్తుకొచ్చినవాణ్ణి దెయ్యపు కోతులు తరుముతాయి. వాడు తనంతట తనే పరిగెడుతుంటాడు. మలుపు తిప్పడం, దూకించడమే మన పని. ఆగి వెనక్కి చూసే వీల్లేదు.

"మామయ్యా, శాపం నిజమేనా?" అనడిగాడు. నాకు నవ్వు రాలేదు. 2001 మే నెలలో ఇక్కడే, ఘాజియాబాద్‌లో, ఢిల్లీలో, రాత్రిపూట మనుషుల్ని రక్కే "నల్లకోతి" తిరుగుతోందని పుకారు లేచింది. భయంతో మేడ మీంచి దూకి చనిపోయినవాళ్ళున్నారు. పోలీసులు ఎంత వెతికినా ఆ కోతి దొరకలేదు.

మూఢనమ్మకమూ ఈ గేమ్ లాంటిదే. పరిగెత్తిస్తుందే తప్ప ఆగి చూడనివ్వదు. గేమ్‌లో పడితే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ప్రాణం పోతే? అందుకే పిల్లలకు గేమ్ మానమని కాదు, ఆగి ప్రశ్నించమని చెప్పాలంటాను.