గోల్ ముందు తడబాటుకు సాధనే విరుగుడు

‘అన్ని రౌండ్లూ దాటాను, ఆఖరి ఇంటర్వ్యూలో పోయింది’. ప్రాంగణ నియామకాల సమయంలో ఈ మాట వినిపించని హాస్టల్ ఉండదు. ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి బాధే ఒకటుంది. మైదానమంతా పరుగెత్తి, ఇద్దరు ముగ్గురిని దాటి, తీరా గోల్‌కీపర్ ఎదుటికి వచ్చాక బంతిని బయటికి కొట్టేయడం. ‘వీడికి ఫినిషింగ్ రాదు’ అని గ్యాలరీలో కూర్చున్నవాళ్లు తేల్చేస్తారు. మంచి కోచ్ అలా తేల్చేయడు. ఎందుకు రావడం లేదో వెతుకుతాడు. ఆ వెతుకులాటలో ఉద్యోగార్థులకు పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

ఇంగ్లండ్ ఆటగాడు రహీమ్ స్టెర్లింగ్‌నే తీసుకోండి. 2015లో లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ సిటీకి వచ్చాడు. వేగానికి తిరుగులేదు. గోల్ దగ్గరే తడబాటు. 2016-17 ప్రీమియర్ లీగ్‌లో అతను చేసిన గోల్స్ 7. మరుసటి సీజన్‌లో అవి 18 అయ్యాయి. ఒక్క ఏడాదిలో అతని కాళ్లకు కొత్త బలమేమీ రాలేదు. కోచ్ పెప్ గార్డియోలా, సహాయకుడు మికెల్ ఆర్టెటా అతని ఆటను ముక్కలు చేసి చూశారు. ఏ ముక్క బలహీనంగా ఉందో దాని మీద పనిచేయించారు. జట్టు సాధన ముగిశాక ఆర్టెటా అతనితో విడిగా ఫినిషింగ్ కసరత్తు చేయించేవాడు.

ఇంతకీ కోచ్‌లు చేసేదేమిటి? మొదట చూసేది, ఎక్కడి నుంచి కొడుతున్నాడన్నది. 11 మీటర్ల దూరం నుంచి, కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే పెనాల్టీలు నాలుగింట మూడు గోల్ అవుతాయి. ఆటలో కొట్టే మామూలు షాట్లలో సగటున పదింట ఒకటే లోపలికి వెళ్తుంది. అందుకే దూరం నుంచి గుడ్డిగా కొట్టడం తగ్గించి, గోల్‌కు దగ్గరగా చేరడం నేర్పుతారు. బంతి ఒక అంచున ఉన్నప్పుడు రెండో అంచు నుంచి దూసుకొచ్చి, అవతలి స్తంభం దగ్గర నిలబడటం స్టెర్లింగ్‌కు అలవాటైంది. అక్కడ బంతిని కాలితో అలా తోస్తే చాలు.

రెండోది, కొట్టడానికి ముందు క్షణం. బంతిని అదుపు చేసే తొలి స్పర్శ సరిగా పడకపోతే తర్వాత ఏం చేసినా తొందరపాటే. శరీరం ఎటు తిరిగి ఉంది, నేల మీద కాలు ఎక్కడ ఆనింది, తలెత్తి కీపర్‌ను చూశాడా అన్నవి వీడియోలో చూపించి సరిదిద్దుతారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. బలంగా బాదడం కంటే మూలకు నింపాదిగా పంపడమే చాలాసార్లు మేలు.

మూడోది, ఒత్తిడిలో సాధన. నిలబెట్టిన బంతిని ఖాళీ గోల్‌లోకి వందసార్లు కొట్టినా మ్యాచ్‌లో అక్కరకు రాదు. అందుకే పరుగెత్తించి, అలసిపోయాక, వెనక డిఫెండర్ తరుముతుండగా రెండు మూడు సెకన్లలోనే కొట్టమంటారు.

ఫినిషింగ్ పుట్టుకతో రావాలనేవాళ్లకు మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962లోనే జవాబిచ్చారు. జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని ముందు వరుసలో ఆడించారు. సెమీఫైనల్‌లో ఒకటి, దక్షిణ కొరియాతో ఫైనల్‌లో ఒకటి గోల్ కొట్టాడతను. స్వర్ణం మనదైంది.

ఇప్పుడు మీ సంగతి. అవకాశాలే రాని ఆటగాడు, వచ్చినవి పోగొట్టుకునే ఆటగాడు ఒకటి కాదు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. రెజ్యూమె దగ్గరే ఆగిపోతుంటే ఎన్ని మాక్ ఇంటర్వ్యూలు ఇచ్చినా లాభం లేదు. ప్రాజెక్టులు, నైపుణ్యాలు, దరఖాస్తు చేసే ఉద్యోగాల ఎంపిక చూసుకోవాలి. ఆఖరి రౌండ్‌లో ఆగిపోతుంటే మళ్లీ కొత్త కోర్సులో చేరడం దండగ. ఏ ప్రశ్న దగ్గర గొంతు తడబడిందో రాసుకోండి. తెలియని వ్యక్తి ఎదుట, గడియారం పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేస్తూ జవాబు చెప్పండి. మర్నాడు అదే చూడండి.

కాలేజీల బాధ్యతా తక్కువేం కాదు. కంపెనీ వచ్చే ముందురోజు ఒక్క మాక్ ఇంటర్వ్యూ పెట్టి, ఎంపిక కానివాళ్లకు ‘కమ్యూనికేషన్ లేదు’ అని ముద్ర వేస్తే అది శిక్షణ అనిపించుకోదు. గ్యాలరీ తీర్పు అవుతుంది. మూడో ఏడాది నుంచే నెలకు ఒకటైనా పెట్టి, లోపం ఎక్కడుందో విద్యార్థికి విడిగా చెప్పాలి. పల్లె నుంచి వచ్చిన తొలితరం పట్టభద్రులకు ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. వాళ్లకు కాలేజీయే కోచ్.

అంతా సరిగ్గా చేసినా కొన్ని షాట్లు స్తంభానికి తగిలి వెనక్కొస్తాయి. పేరున్న స్ట్రైకర్లూ గోల్ చేసినవాటికంటే పోగొట్టుకున్నవే ఎక్కువ. కాబట్టి మంచి కోచ్ స్కోరుతోపాటు ఇంకోటి కూడా అడుగుతాడు: సరైన చోటికి చేరావా, సరైన నిర్ణయం తీసుకున్నావా? రెండింటికీ ‘అవును’ అయితే పద్ధతి మార్చనక్కర్లేదు. వచ్చే ఇంటర్వ్యూకు దరఖాస్తు పెట్టేయండి.