మీట నొక్కే చేయి

‘ఆటే కదా’ అనే సమర్థనను మేము అంగీకరించము. 2022 జనవరి 1న వందమందికి పైగా ముస్లిం మహిళల ఫొటోలను ‘బుల్లీ బాయి’ యాప్‌లో వేలానికి పెట్టారు. అంతకు ముందటి జూలైలో ‘సుల్లీ డీల్స్’ పేరుతో అదే పని చేశారు. అక్కడ నిజంగా అమ్మినదీ లేదు, కొన్నదీ లేదు, అవమానించడమే ఆట. అరెస్టయినవారిలో కాలేజీ విద్యార్థులున్నారు.

దర్గా కొండ నుండి గాజువాక వరకు మన ఇళ్ళలో పిల్లల చేతుల్లో వీడియో గేములున్నాయి. రేపు వాటిని తయారుచేసే ఉద్యోగాలకు పోయేవారూ ఈ విశాఖ పిల్లలే. కనుక ఈ చర్చ మనది కూడా.

సినిమాలో అత్యాచారాన్ని చూస్తాము. గేములో మీట నొక్కేది మన వేలు. 1982లో అమెరికాలో వచ్చిన ‘కస్టర్స్ రివెంజ్’లో ఆటగాడు బాణాలను తప్పించుకుంటూ వెళ్ళి, కట్టివేయబడిన ఆదివాసీ స్త్రీపై అత్యాచారం చేయాలి; అందుకు పాయింట్లు! భూమి కోల్పోయిన జాతి స్త్రీనే అందుకు ఎన్నుకోవడం యాదృచ్ఛికమని మేము నమ్మము.

అయితే ఈ విషయాన్ని గేములు తాకనే కూడదా? తాకవచ్చు. ఎవరి పక్కన నిలబడి తాకుతారన్నదే ప్రశ్న.

మన ఏజెన్సీలోని వాకపల్లినే తీసుకుందాము. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలన్నది. అడవి, తుపాకులు, పోలీసులు! గేము తయారీదారుకు అన్నీ సిద్ధంగా ఉన్నట్టే. మొదటి సన్నివేశంలో స్త్రీ ఏడుస్తుంది, ఆ తరువాత ఆమె కనిపించదు, కథానాయకుడు పగ తీర్చుకుంటూ పోతాడు. అసలు కథ దాదాపు 16 ఏళ్ళ ఫిర్యాదు, వాంగ్మూలం, వాయిదా. ఆ స్త్రీలతోపాటు కోర్టు మెట్లెక్కే ఓపిక ఆటగాడి చేత పట్టించగలిగితే, అది చెప్పదగిన కథ.

1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన రమీజాబీని మన పాఠకులు మరచి ఉండరు. భర్తను కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కోర్టులో వారు విడుదలయ్యారు. పోలీసుల పక్షం ఆసాంతం ఆమె నడవడినే బోనెక్కించింది. (బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న చట్టం 1983లోగాని రాలేదు; ఆమె పేరు అప్పటికే ఊరూరా తిరిగింది.) ‘ఈమె మంచిదా, కాదా’ అని ఆటగాణ్ణి తీర్పు అడిగే గేము ఆ బోనునే మళ్ళీ కడుతుంది.

మరో దారి లేకపోలేదు. కోల్‌కతాకు చెందిన లీనా కేజ్రీవాల్ 2016లో తెచ్చిన ‘మిస్సింగ్’లో ఆటగాడే అమ్మబడిన బాలిక, తప్పించుకునే దారి వెతకాలి. మీట ఆమె చేతిలోనే ఉంది.

మనలోనూ కొందరు పెద్దలున్నారు. ‘ఇజ్జత్ విషయం, ఇంట్లో ఎత్తవద్దు’ అంటారు. ఫోను లాక్కుంటారు, ఆడపిల్లకు పూర్తిగా మాన్పిస్తారు, మగపిల్లవాడికి వారం తరువాత తిరిగి ఇస్తారు. ఇజ్జత్ పోయేది నేరం చేసినవాడిదని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పరు!

గేములు నేర్పే కళాశాలలను, తయారుచేసే సంస్థలను మేము కోరేది ఇది: కథ రాసే దశలోనే బాధితులతో పనిచేసే మహిళలను కూర్చోబెట్టండి. అత్యాచారాన్ని పాయింటుగా, బహుమతిగా పెట్టకండి. ముందే హెచ్చరించండి, ఆ ఘట్టాన్ని దాటిపోయే వీలు కల్పించండి. తల్లిదండ్రులారా, ఈ రాత్రి పిల్లవాడి పక్కన కూర్చుని ఆ గేమును ఒకసారి మీరూ ఆడండి.