పల్లెలకు ఎక్సురే

1950వ సంవత్సరమున మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము క్షయ వైద్యశాలవారు ఒక గొప్ప కార్యమునకు పూనుకొనిరి. రోగి తమ వాకిటికి వచ్చువరకు వేచియుండక, పట్టణమునందును చుట్టుపట్ల పల్లెలయందును జనులకు, దగ్గు లేనివారికి సైతము, రొమ్ము ఎక్సురేలు తీసిరి. డాక్టరు జోహన్నెస్ ఫ్రిమోడ్ట్ మోలరుగారి నాయకత్వమున 1955 వరకు జరిగిన యీ పరిశోధన ఫలితములను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికయందు 1960లో ప్రకటించినది. నాడు యంత్రము రోగిని వెదకికొని పోయినది. నేడు పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతు యంత్రమును వెదకికొని పోవలసి యున్నది.

1955-58 సంవత్సరములందు దేశమంతట జరిగిన పరీక్షలలో క్షయ పట్టణములందెంతయో పల్లెలందును దాదాపు అంతయే యున్నట్లు తేలెను. అయినను 1962లో నెలకొల్పిన జాతీయ కార్యక్రమము కఫపరీక్షనే ముఖ్యముగా నమ్ముకొనెను. సూక్ష్మదర్శిని చౌక, ఎక్సురే ఫిల్మును, బండియు ఖరీదైనవి. బీదదేశము చేసిన ఆ నిర్ణయమును మేము తప్పుపట్టము. కాని 2019-21 జాతీయ సర్వే తెలిపిన సంగతి వినుడు: పరీక్షలో క్షయ నిర్ధారణయైనవారిలో నూటికి 42.6 మంది, ఎక్సురే తీయకున్నచో, ఎవరి కంటను పడకయే పోయెడివారు. అట్టివారు ఇంట దగ్గుచు బిడ్డలకు రోగమును పంచుచుందురు.

క్షయ మెల్లగా చంపును, పక్షవాతము వేచియుండదు. మెదడున నెత్తురుగడ్డ అడ్డుపడినదా, నాళము చిట్లినదా యని సి.టి. స్కాను తీయనిదే తెలియదు. గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. చిట్లినవానికి అదియే ప్రాణాంతకము. ఊరిలో బండి దొరకుటకే గంట పట్టిన రోగిని, తెరచియున్న స్కాను కేంద్రము దొరకక, భాకరాపేట కనుమ దాటించి నూరు కిలోమీటర్లకు పైబడిన తిరుపతికి చేర్చునప్పటికి ఆ గడువులో మిగులునదేమి? కుప్పమున ప్రైవేటు వైద్యకళాశాల ఆసుపత్రి కలదు, బెంగుళూరికి రైలును కలదు. కావున వారి చిక్కు దూరముకంటె డబ్బుది. మా పాఠకులలో పెక్కురు కారెక్కి బెంగుళూరు పోగలవారే. వారి పొలములందు టమాట కోయు కూలీలు పోలేరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము ప్రధానముగా రోగనిర్ణయము జరిగిన పిదపటి చికిత్సకు; నిర్ణయము కొరకు పెట్టు ఖర్చున ఎంతయో కుటుంబముపైననే పడుచున్నది.

యంత్రము కొన్నంతమాత్రమున పని తీరదు. దానిని నడుపు టెక్నీషియను, నిలుకడయైన విద్యుత్తు, మరమ్మతు ఒప్పందము, చిత్రమును చదువు డాక్టరు, ఇన్నియు కావలెను. ప్రారంభోత్సవమున పూలదండ వేయుట సులభము. రెండవయేట చెడిపోయిన భాగమును తెప్పించుట కష్టము. చదువువారి కొరతకు మార్గము లేకపోలేదు. 2015 నాటి కేంద్ర ఉచిత రోగపరీక్షల పథకము చిత్రములను దూరమునకు పంపి చదివించుకొనుట కవకాశము కల్పించినది. క్షయ విషయమున పెద్దవారి ఎక్సురేలను కంప్యూటరుచే చదివించుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంగీకరించెను. 2024 డిసెంబరు 7న ఆరంభించిన నూరుదినముల క్షయ నిర్మూలన ఉద్యమమున చేతితో మోయదగిన ఎక్సురే యంత్రములు వాడబడినవి. ఆరోగ్యవరమువారు 1950లో చేసిన పనిని నేడు ఒక సంచిలో కొనిపోవచ్చును!

కావలసినది నూరుదినముల యుత్సాహము కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము కేంద్రములుగా అట్టి యంత్రములు ఏటేట పల్లెలు తిరుగవలెను. ప్రభుత్వాసుపత్రి వాకిట, నెలలో ఎన్ని ఎక్సురేలు, స్కానులు తీసిరో, యంత్రము ఎన్ని దినములు మూలబడెనో వ్రాసి పెట్టవలెను. మదనపల్లె ప్రభుత్వ వైద్యకళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగెను. దానిని ప్రైవేటు భాగస్వామ్యమున నడుపుటకు 2025లో రాష్ట్రప్రభుత్వము నిశ్చయించెను. ఆ పద్ధతిపై వాదములు సాగుచున్నవి, సాగనిండు. రాత్రి రెండు గంటలకు తెచ్చిన బీదరోగికి స్కాను తీయుటకు ముందు రుసుము అడుగరాదను షరతు ఒప్పందపత్రమున కలదా లేదా యని మదనపల్లె పౌరులు ఇప్పుడే అడుగవలెను.